దీనమనస్సు వేరు, దైన్యము వేరు

మన కూడికలలో ప్రార్థించువారి నోట తరచుగా వినబడు మాటలు కొన్ని గలవు. అయోగ్యుడను, ధూళిని, పురుగువంటివాడను అని చెప్పుకొందుము. చెప్పుట తప్పు కాదు. అయితే ఆరాధన ముగిసి గుమ్మము దాటుచుండగా తోటి విశ్వాసి ఒకడు, "అన్నా, కానుకల లెక్క మీరింకను చూపలేదు" అని మెల్లగా అడిగెననుకొనుడి. పురుగువంటివాడనని ఇప్పుడే చెప్పినవాడు పడగ విప్పిన పాము అగును. "నన్నే అడుగుదువా?" అనును. దేవునియెదుట పలికినది నిజమో కాదో ప్రార్థనలో తేలదు, గుమ్మము దగ్గర తేలును.

లూకా సువార్త 18వ అధ్యాయములో దేవాలయమునకు వెళ్లిన ఇద్దరి సంగతి మీరెరుగుదురు. పరిసయ్యుడు అబద్ధమాడెనని ప్రభువు చెప్పలేదు. అతడు ఉపవాసముండెను, దశమభాగమిచ్చెను. మనలో ఎందరము ఇచ్చుచున్నాము? దేవునికి కృతజ్ఞతయు చెప్పెను. కాని తన్ను కొలుచుకొనుటకు దేవునివైపు చూడక, వెనుకనున్న సుంకరిని కొలబద్దగా తీసికొనెను. పొట్టివాని ప్రక్క ఎవడైనను పొడుగే. (ఇది చదివి, నేను ఆ పరిసయ్యునివంటివాడను కాను, స్తోత్రము, అనుకొనువారును కలరు!)

సుంకరి దూరముగా నిలిచెను. మన పల్లెలలో ఈ మాట చదువునప్పుడు కొంచెము ఆగవలెను. మన తాతలలో అనేకులు దూరముగా నిలిచినవారే. చెప్పులు చేతపట్టుకొని ఊరివీధిని నడచిరి. బావికి ఎడముగా కడవ పెట్టుకొని, ఎవరైనను నీళ్లు పోయుదురా అని కనిపెట్టుకొనియుండిరి. అది దీనమనస్సు కాదు, మనుష్యులు మనుష్యులమీద మోపిన దైన్యము. సుంకరిని దూరముగా నిలువుమని ఎవడును ఆజ్ఞాపించినట్లు లేదు. దేవుని పరిశుద్ధత తలంపునకు వచ్చి తానే ఆగిపోయెను. ఈ రెంటిని ఒకటిగా కలిపి, క్రైస్తవుడవు గనుక అన్యాయము జరిగినను నోరు మూసికొనుమని బోధించువారు వాక్యమును సరిగా చదువలేదు. ఫిలిప్పీ సంఘమునకు దీనమనస్సును గూర్చి వ్రాసినవాడు పౌలు. ఆ పట్టణములోనే అతనిని విచారణ లేకుండ కొట్టి చెరలో వేసిరి. మరునాడు, చప్పుడు చేయక వెళ్లిపొమ్మనగా అతడు వెళ్లలేదు. అధికారులే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెననెను. పత్రిక వ్రాసిన చేయియు అదే, అధికారులను రప్పించిన నోరును అదే.

అట్లయిన నిజమైన వినయమునకు పరీక్ష ఎక్కడ? ఒంగోలు సంగతి చూతము. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు తన జ్ఞాపకములలో చెప్పినది ఇది. పట్టణమందలి పైకులములవారు కొందరు సువార్తయందు ఆసక్తి చూపుచుండిరి. అంతలో మాదిగలు బాప్తిస్మము కోరి రాసాగిరి. వారిని చేర్చుకొనినయెడల మేము రామని ఆ పెద్దలు చెప్పివేసిరి. దొరగారు ఒకచోట, దొరసానిగారు వేరొకచోట, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండ గ్రంథము తెరువగా, ఇద్దరికిని కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగమే కనబడెనట. లోకము ఎన్నికలోనికి తీసికొననివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. మాదిగలను చేర్చుకొనిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ పెద్దలు క్రీస్తును నిందింపలేదు. ఆయనకు తల వంచుటకును సిద్ధపడిరేమో. చాప మాత్రము వేరుగా వేయుడనిరి.

ఇది చదువుట మనకు ఇంపుగానే యుండును, తప్పు ఇతరులది గనుక! మన సంగతి ఏమి? మాలలకొక గుడి, మాదిగలకొక గుడి యున్న ఊళ్లు నేటికిని కలవు. పట్టణమున ఉద్యోగము చేసి క్రిస్మసుకు వచ్చినవానికి ముందువరుసలో కుర్చీ, నాటుకూలికి పోయి వచ్చిన అవ్వకు గుమ్మము దగ్గర నేల. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము ఇట్టివారికొరకే వ్రాయబడినది. అవ్వను ముందుకు పిలువుడని ఎవరైనను చెప్పినయెడల, ఆమెకు అక్కడే అలవాటని జవాబు వచ్చును. అలవాటు చేసినది ఎవరు?

యోహాను సువార్త 13వ అధ్యాయములో ప్రభువు తువాలు కట్టుకొని దగ్గరకు వచ్చినప్పుడు పేతురు ఒప్పుకొనలేదు. చూచుటకు అది వినయముగనే యున్నది. కాని ప్రభువు ఏమి చేయవలెనో, ఏమి చేయకూడదో తానే నిర్ణయింపగోరెను. ఒంగోలు పెద్దలు కోరినదియు అదే గదా? అట్లయినచో నాతో నీకు పాలు లేదని ప్రభువు తెలుపగా, పేతురు పాదము చాపెను. నీళ్లు పోసిన పళ్లెము ఒక్కటే. అప్పగింపబోవు యూదా ఇంకను ఆ గదిలోనే యుండెను. ఆ నీళ్లలో తనకంటె ముందు ఎవరి పాదములు కడుగబడెనో పేతురు అడిగినట్లు వ్రాయబడలేదు.