ముందు లెక్కల పుస్తకం తెరవండి



మన ప్రభువు మొదట పిలిచిన శిష్యులలో వ్యాపార భాగస్వాములు ఉన్నారు. చేపల బరువుకు పడవ మునిగిపోబోతుంటే సీమోను పక్క పడవలోని తన భాగస్వాములను సాయానికి పిలిచాడనీ, జెబెదాయి కుమారులైన యాకోబు, యోహానులు అతనితో కలిసి పనిచేసేవారనీ లూకా సువార్త తెలుపుతున్నది (5:7-10). కాబట్టి కలిసి వల వేయడం, వచ్చినది పంచుకోవడం దేవునికి ఇష్టమైన పనే. చిక్కంతా లెక్క దాచినప్పుడు వస్తుంది.

ఒక విచారణలో రెండు కుటుంబాలవారు కలిసి సిమెంటు, ఇనుము దుకాణం పెట్టుకున్నారు. ఒకరిది పెట్టుబడి, ఒకరిది కష్టం. ఒకరి బిడ్డకు మరొకరు జ్ఞానతండ్రి. ఇంత నమ్మకం ఉండగా కాగితం ఎందుకనుకున్నారు. కొన్నేళ్ళకు అమ్మకాల చిట్టా ఒకరి ఇంటికి చేరింది. అడిగితే, “నామీద నమ్మకం లేదా?” అన్నాడు. ఆ తర్వాత లాయరు నోటీసు, దానికి తిరుగు నోటీసు. పూజలో ఒకరు కుడివైపు, మరొకరు ఎడమవైపు. సమాధానం ఇచ్చిపుచ్చుకునే వేళ ఇద్దరి చూపులూ నేలమీదే. చివరకు పిల్లలు కూడా పలకరించుకోవడం మానేశారు.

సహోదరులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యాలు వేసుకోవడం సిగ్గుచేటని పునీత పౌలు కొరింతు సంఘాన్ని మందలించారు (1 కొరింతీ 6:1-8). ఈ మాట పట్టుకొని, “క్రైస్తవుడివి, కోర్టుకెలా వెళ్తావు?” అని అడిగేవారున్నారు. ఎక్కువగా బాకీ ఉన్నవాడే అలా అడుగుతాడు! అదే లేఖలో ఎనిమిదవ వచనం కూడా చదవాలి. సహోదరుని సొమ్ము మోసంతో అపహరించేవారిని పౌలు అక్కడ గద్దిస్తున్నారు. తిరుసభ చట్టంలోని 1446వ కానను కూడా న్యాయానికి భంగం కలగకుండా వ్యాజ్యాలను తప్పించమనీ, తగవులను శాంతియుతంగా పరిష్కరించమనీ విశ్వాసులందరినీ కోరుతున్నది. న్యాయం లేని రాజీ రాజీ కాదు. న్యాయవాదుల పాలకుడైన పునీత ఇవో (1253-1303) ఒక గురువు, న్యాయాధిపతి కూడా. పేదల పక్షాన వాదించిన ఆయనను తిరుసభ 1347లో పునీతునిగా ప్రకటించింది. న్యాయస్థానం పాపస్థలం కాదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

మరి మనం నడవవలసిన దారి ఏది? ప్రభువు మత్తయి 18:15-17లో చూపించారు.

మొదటి మెట్టు: ఇద్దరే కూర్చోవడం. బజారులో చాటవద్దు, బంధువులకు మోయవద్దు. పుస్తకాలు ముందు పెట్టుకోండి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం లెక్కలు చూసే హక్కు, వాటి నకలు తీసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ ఉన్నాయి. నిజమైన లెక్క చెప్పడం ప్రతి భాగస్వామి విధి. కాబట్టి లెక్క అడిగినవాణ్ణి అనుమానపు మనిషి అనకండి.

రెండవ మెట్టు: ఒకరిద్దరిని పిలవడం. ఇద్దరికీ నమ్మకమైన పెద్దమనిషి ఒకరు, పద్దులు తెలిసినవారు ఒకరు ఉంటే చాలు. విడిపోవలసి వస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు చట్టం చెప్పే వరుస ఇది: ముందు బయటివారి బాకీలు, తర్వాత భాగస్వాములు అప్పుగా ఇచ్చినది, ఆపైన వారి పెట్టుబడి, మిగిలితే లాభంలో వాటా. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టి సంతకాలు చేయండి.

మూడవ మెట్టు: సంఘం. విచారణ గురువు మనసులు కలపగలరు గాని, పద్దులు తేల్చే న్యాయమూర్తి కారు. దానికి లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. మూడు లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య తగాదాలలో, అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్ళాలని 2018 సవరణ తర్వాత చట్టమే చెబుతున్నది.

ఇవన్నీ విఫలమైతే కోర్టుకు వెళ్ళడం తప్పు కాదు. కాని దొంగ రసీదు పెట్టకండి, అబద్ధ సాక్ష్యం చెప్పించకండి. రద్దయిన భాగస్వామ్యపు లెక్కల కోసం దావాకు గడువు రద్దయిన నాటి నుండి మూడేళ్ళు. శాంతి మాటలతో ఆ గడువు దాటించడం కూడా ఒక మోసమే.

అబ్రహాము, లోతుల కాపరులు తగవులాడినప్పుడు, పెద్దవాడైన అబ్రహామే నచ్చిన నేల ముందుగా ఎంచుకొమ్మని లోతుతో అన్నాడు (ఆది 13). ఇద్దరూ విడిపోయారు. తర్వాత శత్రువులు లోతును చెరపట్టినప్పుడు విడిపించడానికి పరుగెత్తినవాడు అబ్రహామే (ఆది 14). వ్యాపారం విడిపోయినా సహోదరత్వం విడిపోలేదు.

ప్రియమైన కుటుంబీకులారా, మీ ఇంట్లో ఇతరులకు చూపని పుస్తకం ఏదైనా ఉందా? వచ్చే ఆదివారం బలిపీఠం ముందుకు రాకముందే దాన్ని తీసుకొని ఆ ఇంటి తలుపు తట్టండి. తలుపు తీసేవారిని, “లెక్కలు తేలేదాకా ఆగు” అని నిలబెట్టకుండా లోపలికి పిలవండి. పెద్దల తగవు పిల్లల స్నేహానికి అంటనీయకండి. సమాధానకర్తయైన ప్రభువు మీ ఇండ్లను, మీ పనులను ఆశీర్వదించును గాక. ఆమెన్.