ప్రేమయే ఓర్పునకు ఊపిరి

 



మనమందరము ఒక్కచోట చేరి ఇష్టదైవమును కొలుచుకొను ఈ శుభసమయమున ఓర్పును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను. ఓర్పు పుట్టుకతో వచ్చు గుణమని కొందరందురు. కాదు, అది సాధనచే వచ్చునది. సాధన గట్టిపడుటకు పతంజలి మహర్షి యోగసూత్రములలో మూడు నియమములు చెప్పినాడు. చిరకాలము చేయవలెను, ఎడతెగక చేయవలెను, ఆదరముతో చేయవలెను. మొదటి రెండును అందరికిని తెలిసినవే. మూడవదానిని తరచుగా మరచెదము. ఆదరమనగా ప్రేమయే. ప్రేమలేని సాధన గానుగెద్దు నడక. ఎంత నడచినను ఉన్నచోటనే ఉండును.

ఇందుకు నిదర్శనము బహ్రెయిన్ దీవిలో కలదు. నేడు తెలుగునాటి పల్లెలనుండి ఎందరో బిడ్డలు పొట్ట చేతపట్టుకొని పోవు గల్ఫు దేశములలో అది యొకటి. 1932లో అక్కడ చమురు బయటపడుటకు పూర్వము ఆ దీవికి ముత్యములే జీవనాధారము. ఆ వృత్తికి గుర్తుగా మిగిలిన ముహర్రక్ పట్టణపు పాత ఇండ్లను, ముత్యపుచిప్పల తావులను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. వేసవిలో సుమారు నాలుగు మాసములు పురుషులు పడవలెక్కి సముద్రము మీదనే ఉండెడివారు. మునుగువాడు ముక్కును చిన్న పట్టుకారుతో మూసికొని, వ్రేళ్లకు తోలు తొడుగులు వేసికొని, మెడలో వలబుట్ట తగిలించుకొని, పాదమునకు రాతిబరువుతో ఒక్క ఊపిరిమీద అడుగునకు దిగెడివాడు. నిమిషమునకు అటునిటుగా చిప్పలేరి పైకి వచ్చి, కొంత సేదతీరి మరల దిగెడివాడు. ఇట్లు దినమునకు ఎన్నో పదుల మునకలు. ఉదయము కొద్దిగా ఖర్జూరములు, కాఫీ. కడుపునిండ భోజనము ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనే.

మునుగువాని సంగతి అందరును చెప్పుదురు. పడవపై నిలిచిన రెండవవానిని తలచువారు తక్కువ. అతని చేతిలో త్రాడు ఉన్నది. క్రిందివాడు త్రాడు కదిపిన తక్షణమే అతడు పైకి లాగవలెను. అతడు కునికినను, ప్రక్కకు చూచినను, క్రింద ఒక ప్రాణము పోవచ్చును. కనుక ఆ లోతులో నిలిచిన ఓర్పు ఒక్కని రొమ్ములోనిది కాదు, ఇద్దరి నడుమనున్న త్రాటిలోనిది. తన్ను పైకి తీయువాడు కలడను నమ్మకము గలవాడే మరియొక చిప్పకొరకు చేయి చాపగలడు.

అయితే అధిక శ్రమయంతయు పుణ్యము కాదు. ఆ పడవలలో అప్పు కూడ ఉండెడిది. ముందుగా తీసికొన్న సొమ్ము ఏటేట పెరిగి, తండ్రి చనిపోయిన పిమ్మట కొడుకు మెడకు చుట్టుకొనెడిది. మునుగువారి లెక్కలు సరిగా వ్రాసి చూపవలెనను నిబంధన 1920లనాటి సంస్కరణలతో గాని రాలేదు. అప్పు భయముతో వేసిన మునకకును, ఇంటనున్న బిడ్డ మొగము తలచి వేసిన మునకకును పైకి భేదము కనబడదు. కాని మొదటిది మనిషిని కరగించును, రెండవది నిలుపును.

ఈ భేదము మన వంశములకు క్రొత్త కాదు. మదరాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బను రేవు చేరినది. మారిషస్‌నకును, ఫిజీకిని అట్టి ఓడలే పోయినవి. ఒప్పందపత్రము మీద వ్రేలిముద్ర వేసి చెరకుతోటలలో దిగిన మన పెద్దలచేత దొరలు చేయించిన అధిక శ్రమ దొరలదే. కాని ప్రొద్దు గ్రుంకిన పిమ్మట, విరిగిన నడుముతోనే కూర్చుండి రామభజన చేసినారే, చెట్టుక్రింద రాయి నిలిపి అమ్మవారిని కొలిచినారే, పిల్లలకు అ ఆలు దిద్దించినారే, అది ఎవరు కొలిచి ఇచ్చిన పని? దానికి కూలి లేదు, హాజరు లేదు. ప్రేమయే దానిని చేయించినది. ఆ రాత్రిపూట శ్రమవలననే నేడు మనము తెలుగువారమై ఈ పందిటిక్రింద కూర్చుండగలిగినాము.

సుందరకాండను తలచుకొనుడు. హనుమంతుడు లంకయంతయు గాలించినాడు. సీతమ్మ కానరాలేదు. ప్రాణము విడిచెదనా యనునంతగా క్రుంగిపోయినాడు. అప్పుడు వెదకని చోటు ఒక్కటి కంటబడినది: అశోకవనము. ఆజ్ఞకు మాత్రమే లోబడినవాడు వెనుదిరిగెడివాడు. రాముని ప్రేమించినవాడు కనుక అక్కడికిని పోయినాడు. అమ్మ అక్కడనే ఉన్నది. చేతనైనదంతయు చేసిన పిమ్మట మిగిలిన ఆ ఒక్క అడుగే అధిక ప్రయత్నము.

ఆ అడుగు వేయు బలము ఒక్కనాడు రాదు. కెన్యాలో పుట్టి బహ్రెయిన్ తరఫున పరుగెత్తు విన్‌ఫ్రెడ్ యావి 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ గెలిచినది. 28 అడ్డుకర్రలు, 7 నీటిగుంటలు దాటిన పిమ్మట, గమ్యము దగ్గరపడిన వేళ ముందున్నదానిని మించి, 8 నిమిషముల 52.76 సెకండ్లలో పరుగు ముగించినది. ఆ చివరి క్షణముల బలము ఆనాడు పుట్టినది కాదు. చూచువారు లేని వేకువలలో, ఏండ్ల తరబడి కూడబెట్టినది.

కావున నా మనవి ఇది. బిడ్డను చెవి మెలివేసి తెలుగు బడికి పంపితిమేని అది అప్పుమునక. తల్లిదండ్రులు ప్రక్కన కూర్చుండి తామును ఒక పద్యము నేర్చినచో అది త్రాడు పట్టుట. దినమునకు ఒక్క వాక్యమైనను మానక, నిన్నటికంటె ఒక్కటి ఎక్కువ చేయుడు. ఉపవాసదీక్షలు పూనువారు శక్తి తెలిసికొని పూనుడు. వృద్ధులను, రోగులను పంతముతో నిలుపకుడు. రెండు పూటల పనిచేసి వచ్చిన అన్న మౌనముగా కూర్చున్నచో, అదియే త్రాడు కదలుట. అడుగక ముందే లాగవలెను. ఓర్చుకొనుమని చెప్పుట సులభము. ఓర్చువాని త్రాడు పట్టి మేలుకొని ఉండుటయే ధర్మము.

మన ఇండ్లలో ఏ త్రాడును జారకుండునట్లు శ్రీరామచంద్రుడు మన చేతులకు బలమును, మన మనస్సులకు మెలకువను ప్రసాదించుగాక.

స్వస్తి.