తలలు మారెను, మేకు మారలేదు

స్కాట్లాండులో ఆర్గైల్ ప్రభువైన ఆర్చిబాల్డ్ క్యాంబెల్ మిక్కిలి అధికారము గలవాడు. రాజు తమ సంఘారాధనలో జోక్యము చేసికొనరాదని 1638లో ఆ దేశస్థులు ఒక నిబంధన వ్రాసికొనిరి. ఆర్గైల్, మాంట్రోజ్ అను ప్రభువులిద్దరును దాని పక్షముననే నిలిచిరి. పిమ్మట మాంట్రోజ్ రాజువైపు తిరిగి, 1645లో ఆర్గైల్ సైన్యమును ఓడించెను. 1650 మే 21న, ఆర్గైల్ పక్షము ఏలుచుండగా, మాంట్రోజ్‌ను ఎడింబరోలో ఉరితీసి, తలను చెరసాలమీది మేకునకు గ్రుచ్చిరి.

1651 జనవరి 1న రెండవ ఛార్లెసు తలపై కిరీటము పెట్టినవాడు ఈ ఆర్గైలే. అదే రాజు ఏలుబడిలో, 1661 మే 27న, రాజద్రోహియని ఆర్గైల్ తల నరికిరి. అప్పటికే మాంట్రోజ్ తలను దించి గౌరవముతో పాతిపెట్టియుండిరి. ఖాళీయైన ఆ మేకుమీదనే ఆర్గైల్ తలను నిలిపిరి.

వీరిలో న్యాయవంతుడెవడని మనము అడుగుదుము. ఇద్దరును ఒకే దేవుని ప్రార్థించినవారే, ఇద్దరును ధైర్యముగా చనిపోయినవారే. తలలు మారెను గాని మేకు మారలేదు.

మన సంఘములో తగవు పుట్టి, ఒక సహోదరుడు నలుగురిలో తల వంచుకొనినప్పుడు నీ హృదయము సంతోషించెనా? నీ పక్షము న్యాయమైనదే కావచ్చును. అయినను ఆ సంతోషమే మేకు. అది రేపు నీ కొరకు కాకపోయినను, దేవుని యింట ఉండదగినది కాదు. నేడే దానిని పెరికివేయుము.