ఒప్పుకోలు లేని రాజీనామా

రాజీనామా మన ఉర్దూ, పార్సీల నుంచి తెలుగులోకి వచ్చిన మాట. రాజీ అంటే ఒప్పుకోలు, నామా అంటే కాగితం. తెలుగులో అది ఉద్యోగం వదులుకునే కాగితమైంది. వదులుకునేవాడు నిజంగా ఒప్పుకున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు.

2019 నవంబరు 4 నుంచి డిసెంబరు 3 దాకా బి.ఎస్.ఎన్.ఎల్.లో యాభై నిండినవాళ్లందరి ముందూ ఈ కాగితం పెట్టారు. స్వచ్ఛంద పదవీ విరమణ అన్నారు. చేసిన సర్వీసుకి ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసుకి ఏడాదికి 25 రోజుల జీతం. కొన్ని పరిమితులున్నాయి. పెన్షను వేరే. 78 వేల మందికి పైగా ఒప్పుకుని 2020 జనవరి 31న ఇంటికి వెళ్లిపోయారు. సిబ్బందిలో సగానికి పైనే.

కోడూరులాంటి ఊళ్లో యాభైమూడేళ్ల సాయిబు ముందు ఈ కాగితం ఉందనుకోండి. వాళ్ల నాన్నది సైకిలు షాపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ మాట బయటికి చేరని రోజులు ఆ తరానికి గుర్తు. తీగ విలువ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఆ తీగ మీద పని చేసి ఈయన ఊళ్లో 'టెలిఫోనాయన' అయ్యాడు. అంతకుముందు ఒట్టి సాయిబు. ఈ రెండు పిలుపుల మధ్య దూరం జీతం లెక్కల్లో దొరకదు. బ్యాంకులో అప్పు పుట్టడం, బందరులో ఇల్లు అద్దెకు దొరకడం, పోలీసు 'నువ్వు' అనకుండా 'మీరు' అనడం, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క చూడండి. దేశ జనాభాలో మనం 13.4 శాతం, రైల్వే ఉద్యోగాల్లో 4.5 శాతం. ఇంత కొద్దిమందిలో ఒకడు కుర్చీ దిగితే అది ఒక ఇంటి సంగతేనా?

కుర్చీ ఆయన సొంతం కాదు, అమానతు, రేపటి పిల్లలది అని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. దిగిన కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టడానికి పెట్టిన పథకం కాదది, జీతాల ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టింది. అయితే ఖౌము బరువంతా ఒక లైన్‌మన్ నెత్తిన పెట్టడం నాకు న్యాయమనిపించదు. ఆడపిల్ల పెళ్లి, ఇంటి అప్పు ఉన్నవాణ్ణి త్యాగం చెయ్యమనడానికి మనమెవరం? రిజ్కు ఇచ్చేది అల్లా, సంతకం పెట్టెయ్ అని తేలిగ్గా చెప్పేవాళ్లూ నాకు నచ్చరు. వాళ్లలో ఎక్కువమందికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

నా తగాదా 'స్వచ్ఛంద' అనే మాటతో. ఆ ఏడాది జీతాలు ఆలస్యమయ్యాయి. రిటైర్మెంటు వయసు 58కి దించేస్తారని, దూరాలకు బదిలీ చేస్తారని పుకార్లు. బెదిరించి చేయించిన అమ్మకాన్ని మన ఫిఖా పెద్దలు సరైనదిగా ఒప్పుకోలేదు. దాన్ని ఇక్రాహ్ అన్నారు. ఇక్కడ కత్తి పట్టుకున్నవాడెవడూ కనిపించడు కాబట్టి అదీ ఇదీ ఒకటేనని నేననను. కానీ నిఖాలో పిల్ల ఒప్పుకోలుకి వకీలు, ఇద్దరు సాక్షులు కావాలి. ముప్పై ఏళ్ల కొలువు వదులుకునే ఒప్పుకోలుకి కంప్యూటరు చాలింది.

భార్యనైనా అడిగారా అంటే, చాలా ఇళ్లలో అడగలేదు. అడిగి ఉంటే ఆమె లెక్క వేరేగా ఉండేది: "ఈ డబ్బు పిల్ల పెళ్లికి సరిపోద్ది. ఆ తర్వాత పొద్దున్నే లేచి మీరెక్కడికి పోతారండీ?"

ఇక వాళ్ల పక్కనే గోతులు తవ్వి, స్తంభాలెక్కిన కాంట్రాక్టు కూలీలున్నారు. ఆ ఏడాది నెలల తరబడి కూలి అందనివాళ్లు. వాళ్ల ముందు ఏ కాగితమూ పెట్టలేదు. రాజీనామా చెయ్యమని అడగడానికైనా వాళ్ల పేర్లు రిజిస్టరులో ఉండాలి కదా.