నలభై రెండో రోజు: మాల తీశాక మనకి తోడెవరు?

ఓం శ్రీ గణేశాయ నమః. స్వామి శరణం.

ఈ వారం వీడియోలో గజేంద్ర మోక్షం చెప్పుకున్నాం. సమయం చాలక ఒక విషయాన్ని పైపైన ముట్టుకుని వదిలేశాను. అది ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం. ఇది ముఖ్యంగా మందు మానేసి బయటపడిన వాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లో వాళ్ళ కోసం రాస్తున్నాను. "మా ఇంట్లో ఆ బాధ లేదు" అనుకునేవాళ్ళు కూడా చివరిదాకా చదవండి. పక్కింట్లోనో, మీ సన్నిధానంలోనో ఒకరు ఉండే ఉంటారు.

గజేంద్రుణ్ణి స్వామి ఎక్కడ వదిలాడు?

భాగవతం అష్టమ స్కంధంలోని ఈ కథ మనందరికీ తెలిసిందే. త్రికూట పర్వతం దగ్గర అడవి. ఏనుగుల రాజు తన మందతో దాహం తీర్చుకోవడానికి మడుగులోకి దిగాడు. నీళ్ళు తాగాడు, ఆడాడు, ఒళ్ళు మరిచాడు. మొసలి కాలు పట్టుకుంది. వెయ్యేళ్ళ పెనుగులాట!

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. ఏనుగుకి బలానికేం తక్కువ? కానీ నిలబడ్డ చోటు దానిది కాదు. నీళ్ళు మొసలికి ఇల్లు. అందుకే రోజులు గడిచేకొద్దీ మొసలి బలం పెరుగుతూ వచ్చింది, ఏనుగు బలం తరుగుతూ వచ్చింది. తాగుడు కూడా ఇలాగే పట్టుకుంటుంది. మొదట దాహం, సరదా, స్నేహితులు. కాలు దొరికాక మనిషి ఎంత లాగినా ఆ నీళ్ళలోనే ఉండి లాగుతాడు. "నీ మనసు గట్టిదైతే మానేసేవాడివి" అని మనం తేలిగ్గా అనేస్తాం. గజేంద్రుడికి మనసు గట్టిది కాదంటామా?

మిగతా ఏనుగులు కూడా రాజుని లాగి చూశాయి, వాటివల్ల కాలేదు. అలాగని వదిలేసి పోలేక ఆ ఆడ ఏనుగులు అక్కడే చూస్తూ ఉండిపోయాయని పోతన గారు రాశారు. నాకు ఆ ఘట్టం చదివినప్పుడల్లా రాత్రి పదకొండింటికి గుమ్మంలో కూర్చున్న భార్యలు, తల్లులు గుర్తొస్తారు. వాళ్ళ ప్రేమలో లోపం ఉండి కాదండీ, ఆ మొసలిని విడిపించడం ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు.

సరే, శరణు అన్నాడు, స్వామి వచ్చాడు, చక్రంతో మొసలిని ఖండించాడు. మనం సాధారణంగా ఇక్కడే హారతి ఇచ్చేస్తాం. కానీ కథ ఇంకా ఉంది. మొసలి వదిలాక స్వామి గజేంద్రుణ్ణి ఆ మడుగు గట్టునే నిలబెట్టి, "జాగ్రత్త నాయనా, మళ్ళీ దిగకు" అని చెప్పి వెళ్ళిపోలేదు. తన రూపం ఇచ్చాడు. తన పరివారంలో ఒకడిగా చేసుకున్నాడు. వెంట తీసుకెళ్ళాడు. విడిపించడం ఒక పని, వెంట ఉంచుకోవడం ఇంకో పని. రెండూ కలిస్తేనే అది మోక్షమైంది.

మరి మనం ఏం చేస్తున్నాం? డీ అడిక్షన్ సెంటర్ నుంచి డిశ్చార్జి చేయించి తెస్తాం. "హమ్మయ్య, అయిపోయింది" అంటాం. మనిషిని తెచ్చి దింపేది మాత్రం మళ్ళీ అదే మడుగు గట్టున. అదే వీధి, అదే స్నేహితులు, అదే చివర వైన్ షాపు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి మా భాషలో ఒక్క మాట. రాత్రి సర్వర్ పడిపోతే నిద్ర మానుకుని లేపుతాం. లేచింది కదా అని మానిటరింగ్ ఎవరూ ఆపరు. ఒకసారి పడి లేచిన దాన్నే ఇంకా ఎక్కువ కనిపెట్టి చూస్తాం. యంత్రానికి ఇచ్చే ఆ జాగ్రత్త మనిషికి ఇవ్వకపోతే ఎలా అండీ?

దీక్ష ఎందుకు పనిచేస్తుంది?

మన తెలుగు ఊళ్ళలో ఏటా కళ్ళారా చూసే ఒక వింత ఉంది. ఎవరు చెప్పినా వినని మనిషి అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు మందు ముట్టడు. "అంతా స్వామి మహిమ" అంటాం. మహిమే, కాదనను. కానీ ఆ మహిమ ఏ దారిలో వచ్చి పనిచేస్తుందో కాస్త చూద్దాం.

తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం. నల్ల బట్టలు, మెడలో మాల. ఒంటిపూట భిక్ష. సాయంత్రం పూజ, శరణుఘోష. నేల మీద పడక. అంటే రోజులో ఖాళీగా తిరిగే గంట లేదు. ఇక పలకరింపు చూడండి. నిన్నటిదాకా "తాగుబోతు" అన్న నోళ్ళే ఇవాళ "స్వామీ" అంటాయి. కన్న కూతురు కూడా "స్వామీ, అన్నం పెట్టాను" అంటుంది. వైన్ షాపు దరిదాపుల్లో కనిపిస్తే ఎవరో ఒకరు "ఏంటి స్వామీ, ఇటొచ్చారు?" అని అడుగుతారు. మనసు కాస్త అటూ ఇటూ అయితే చెప్పుకోవడానికి గురుస్వామి ఉంటాడు. పక్కన ఇంకో పాతికమంది స్వాములు అదే నియమంలో ఉంటారు.

ఇదంతా ఒక్కడి పట్టుదల కాదు. ఊరంతా కలిసి కట్టిన గట్టు. స్వామి మహిమ ఈ మనుషుల రూపంలోనే వచ్చి చుట్టూ నిలబడింది.

మరి 42వ రోజు?

వృశ్చిక మాసం నవంబరు మధ్యలో మొదలవుతుంది. మొదటి రోజే మాల వేసుకుంటే 41 రోజులు డిసెంబరు ఆఖరుకి పూర్తవుతాయి. ఇరుముడి సమర్పించి, పదునెట్టాంబడి ఎక్కి దిగి, ఇంటికొచ్చి మాల తీస్తాం. తరవాత రెండుమూడు రోజులకే డిసెంబరు 31. ఇంకో రెండు వారాలకి సంక్రాంతి. మందు ఎక్కువగా పారే రోజులు అవే. సరిగ్గా ఆ రోజులకే గట్టు తీసేస్తున్నాం! మాలతో పాటు పిలుపు పోయింది, పూజ పోయింది, గురుస్వామి పోయాడు, పక్కన కూర్చునే స్వాములు పోయారు. "41 రోజులు ఉండగలిగినవాడు 42వ రోజు ఎందుకు ఉండలేడు?" అని అడుగుతారు. ఉండగలిగింది అతనొక్కడే కాదు కదండీ.

మా ఊరు తణుకు దగ్గర. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నా మాల మాత్రం ఊళ్ళోనే వేసుకుంటాను. నేను గద స్వామిగా ఉన్న ఏడాది మా సన్నిధానంలో ఒక కన్నెస్వామి ఉండేవాడు. నలభై దాటిన ట్రాక్టర్ మెకానిక్. ఆ సెప్టెంబరులోనే మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి మందు మానేశాడు. దీక్ష చక్కగా పూర్తి చేశాడు. వాళ్ళమ్మగారు మాల తీసిన రోజు అందరూ సంతోషంగా ఉంటే, ఆయన మాత్రం గురుస్వామి పక్కకి చేరి, "స్వామీ, ఇప్పుడు నాకు భయమేస్తోంది" అన్నాడు.

గురుస్వామి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "పీఠం ఎత్తేశాం గానీ, రామాలయంలో దీపం రోజూ వెలగాలి కదా స్వామీ. రేపట్నించి ఒత్తులు నువ్వు తే. ఆరున్నరకి" అన్నారు. ఆరున్నర అనేది ఊరికే అన్న టైము కాదని నాకు తరవాత అర్థమైంది. ఆరింటికి షెడ్డు మూసి, ఆరున్నరకి ఆయన వైన్ షాపు దగ్గర ఉండేవాడట.

డిసెంబరు 31 రాత్రి ఇద్దరు స్వాములు ఆయన ఇంట్లో పులిహోర తింటూ సినిమా చూశారు. సంక్రాంతి మూడు రోజులూ అన్నదానం వంటల దగ్గర ఆయనకే పని. అలా నాలుగు నెలలు గడిచాయి. మే నెలలో ఒక పెళ్ళిలో తాగేశాడు. రెండు రోజులు దీపం దగ్గరికి రాలేదు. మూడో రోజు పొద్దున్నే గురుస్వామి వాళ్ళింటికి వెళ్ళారు. ఆయన మొహం చూపించలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురుస్వామి మంచం పక్కన కూర్చుని అన్న మాట ఒక్కటే: "ఒత్తులు అయిపోయాయి స్వామీ." ఆ తరవాత బండి మీద ఎక్కించుకుని, అంతకుముందు వైద్యం చేసిన డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్ళారు.

ఇది జరిగి రెండేళ్ళు. ఆయన "మానేశాను" అనడు, "ఇవాళ లేదు" అంటాడు. మొన్న ఊరెళ్ళినప్పుడు ఆయన భార్య మా అమ్మతో అంటున్న మాట విన్నాను: "ఒకప్పుడు ఆరున్నర అయితే గుండె దడొచ్చేది వదినా. ఇప్పుడు గుళ్ళో గంట వినబడితే కుక్కర్ పెడతాను."

గురుస్వామికీ కన్నెస్వామి కావాలి

ఇదే ధర్మం వేరే దేశంలో, వేరే రూపంలో కూడా కనబడింది. 1935లో బిల్ విల్సన్ అనే అమెరికా ఆయన మందు మానేసి కొద్ది నెలలే అయింది. ఏక్రన్ అనే ఊరికి వ్యాపారం పని మీద వెళ్తే ఆ పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. ఆయన బార్‌లోకి వెళ్ళకుండా, ఊళ్ళోని చర్చిలకి ఫోన్లు చేసి, "మందుతో బాధపడే మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, నేను మాట్లాడాలి" అని అడిగాడు. అలా కలిసిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్. వాళ్ళిద్దరి కలయికతో మొదలైందే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఇవాళ మన దేశంలో కూడా ఆ సమావేశాలు జరుగుతున్నాయి. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు. కొత్తగా వచ్చినవాడికి పాతవాడొకడు తోడుంటాడు.

అక్కడి కిటుకు చూశారా? సాయం అడగడానికే కాదు, సాయం చెయ్యడానికి కూడా ఆయనకి ఇంకో మనిషి అవసరమయ్యాడు. మన సంప్రదాయంలో కన్నెస్వామి ఏటేటా ఎదిగి గురుస్వామి అవుతాడు, కొత్తవాళ్ళకి ఇరుముడి కట్టి కొండకి తీసుకెళ్తాడు. చెయ్యి పట్టుకు నడిపించేవాడు తానూ దారి తప్పడు. శబరిమల సన్నిధిలో "తత్త్వమసి" అని రాసి ఉంటుంది. ఎదుటివాడిలో ఉన్నదీ నీలో ఉన్నదీ ఒకటే అని. ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దానికి నాకు దొరకలేదు.

డాక్టరు మాట కూడా దేవుడి మాటే

ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనబడడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. కాబట్టి మాల వేసుకోబోయే ముందు డాక్టరుకి చూపించండి. దీక్షలో ఉన్నాం కదా అని ఆయన రాసిన మాత్రలు ఆపకండి. మజ్జిగలోనో కూరలోనో తెలియకుండా కలిపే "మాన్పించే మందు" జోలికి అస్సలు వెళ్ళకండి. డైసల్ఫిరామ్ లాంటి మాత్ర ఒంట్లో ఉందని తెలియక మనిషి తాగితే ప్రమాదం. మాత్ర మనిషికి తెలిసి, డాక్టరు చూపులో వాడితేనే వైద్యం.

ఆచరణ

1. మీ "ఆరున్నర" ఏదో కనిపెట్టండి. ఆ గంటకి ఒక చోటు, ఒక పని, ఒక మనిషి ఉండాలి.

2. అర్ధరాత్రి కూడా ఫోన్ చెయ్యగలిగే ముగ్గురి నంబర్లు రాసి పెట్టుకోండి. మనసు లాగినప్పుడు ముందు ఫోన్, తరవాతే ఏదైనా.

3. బాగున్నా సరే డాక్టరు చెప్పిన తేదీకి వెళ్ళండి. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు సమస్యలకి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండూ ప్రభుత్వ ఉచిత నంబర్లే.

4. ఒకవేళ జారితే ఆ రోజే చెప్పండి. 41 రోజులు పోయాయని కూర్చోకండి. దీపం కొండెక్కితే ఇల్లు కూల్చుకోం, మళ్ళీ వెలిగిస్తాం.

5. ఇంట్లో వాళ్ళకీ తోడు కావాలి. గట్టు మీద ఏనుగులు కూడా అలిసిపోయాయి. వాళ్ళ గోడు వినే చెవి ఒకటి చూడండి.

6. గురుస్వాములకి చేతులెత్తి మనవి. మాల తీసేటప్పుడే "రేపు ఎక్కడ కలుద్దాం?" అని అడగండి. మిగతావాళ్ళం పెళ్ళిళ్ళలో "ఒక్క పెగ్గే కదా" అనే మాట మానేద్దాం.

మెడలోని మాలకి విసర్జన ఉంది. సత్సంగానికి లేదు. స్వామీ, మమ్మల్ని విడిపించి మడుగు గట్టున వదిలెయ్యకు, నీ వెంట ఉంచుకో. ఒకరి వెంట ఒకరం ఉండేలా కూడా చూడు.

ఇది చదువుతుంటే ఎవరైనా గుర్తొచ్చారా? అయితే ఈ సాయంత్రమే ఒకసారి వాళ్ళని పలకరించండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

స్వామియే శరణమయ్యప్ప. శుభం.