తెలియని దాని వెంట పడకండి



"అంతా సాపేక్షమేనని ఐన్‌స్టీన్ నిరూపించాడు, ఇక హలాల్ ఏమిటి, హరామ్ ఏమిటి?" అంటున్నారు కొందరు యువకులు. 1905లో ఆయన చెప్పింది అది కాదు. కాలం, దూరాల కొలతలు చూసేవారి చలనాన్ని బట్టి మారుతాయి. కానీ శూన్యంలో కాంతివేగం అందరికీ ఒక్కటే: సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. మారని ఆ నియమం మీదే సిద్ధాంతం నిలిచింది. 1927 నాటి హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రమూ కణాల గురించే, మంచిచెడుల గురించి కాదు.

అలాగే, అల్లాహ్ వద్ద ఒక దినం మన వెయ్యేళ్ళ వంటిదన్న ఆయత్ (22:47) చూపి, ఇదే సాపేక్ష సిద్ధాంతమని వాదించడమూ తొందరపాటే. శిక్ష కోసం తొందరపెట్టేవారికి అది హెచ్చరిక.

తెలియని దాని వెంట పడితే చెవి, కన్ను, హృదయం అన్నీ జవాబు చెప్పుకోవాలని దివ్యఖుర్ఆన్ (17:36) బోధిస్తోంది. తెలిసినవారిని అడుగుదాం. అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానం ప్రసాదించుగాక! ఆమీన్.