కొరత కాలములో బిడ్డ వంతు



ఇంటిలో గంజి తక్కువైన దినమున ముందు ఎవరికి పోయవలెనని ఏ తల్లియు పెద్దలను పిలిచి అడుగదు. చిన్నబిడ్డకు పోసి, మిగిలినది తక్కినవారికి పంచి, తాను కుండ కడిగిన నీళ్లు త్రాగి పండుకొనును. ఇల్లు ఒకటే గనుక అక్కడ ధర్మము సులభము. అయితే ఊరికి వచ్చిన మందు ఇరువది మంది బిడ్డలకే సరిపోవునదై, వరుసలో నూరుగురు తల్లులు చంకబిడ్డలతో నిలిచినప్పుడు ఆ సులభమైన ధర్మము ఎక్కడికి పోవును? అక్కడ ప్రతి తల్లికిని తన బిడ్డయే చిన్నబిడ్డ. నా బిడ్డను ముందుకు నెట్టుట పాపమా? వెనుకకు తీసికొనుట పుణ్యమా? కొద్ది సంవత్సరముల క్రిందట మన దేశమంతటను, మన వరంగల్లు పల్లెలలోను, ఈ ప్రశ్నకు దగ్గరి ప్రశ్న ఒకటి నిజముగానే వచ్చినది.

పోలియో వ్యాధిని నా వయస్సువారు బాగుగా ఎరుగుదురు. ఒక కాలు సన్నబడి, మోకాలిపై చేయి ఆనించి నడచుచు బడికి వచ్చిన పిల్లలు ఆ దినములలో ఊరికి ఒకరిద్దరుండిరి. 2011 జనవరి తరువాత మన దేశములో సహజమైన పోలియో క్రిమి వలన ఏ బిడ్డయు కుంటిది కాలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రాంతమునకు ఆ వ్యాధి లేదని ధ్రువపత్రము ఇచ్చెను. ఇది నోటిలో వేయు చుక్కల వలన జరిగిన పని. అయితే పోలియో క్రిములు మూడు రకములు. వాటిలో రెండవ రకము సహజరూపములో లోకము నుండి పూర్తిగా తొలగినదని 2015లో ప్రకటించిరి. అటుపిమ్మట చుక్కలలో ఉంచిన బలహీనపు రెండవ రకము క్రిమియే అరుదుగా మారి కీడు చేయుచున్నది గనుక, 2016 ఏప్రిల్ నెలలో ప్రపంచమంతయు ఒక్కసారిగా దానిని చుక్కల నుండి తీసివేసెను. మన దేశములో ఆ మార్పు ఏప్రిల్ 25న జరిగెను. ఇక రెండవ రకము నుండి బిడ్డను కాపాడునది సూది మందు మాత్రమే.

అన్ని దేశములు ఒకేసారి ఆ సూది మందు కొరకు చేయి చాచెను. దానిని పెద్ద మొత్తములో చేయగల సంస్థలు లోకములో కొద్ది. అవి అనుకొన్నంత మందు చేయలేకపోయెను. అట్లు కొరత వచ్చినది.

అప్పుడు మన దేశము చేసిన పని గమనింపదగినది. ఒక బిడ్డకు కండలోనికి ఇచ్చు నిండు మోతాదు అర మిల్లీలీటరు. దానిని ఐదు భాగములు చేసి, ఒక్కొక్క భాగమును కండలోనికి గాక చర్మపు పొరలోనికి ఎక్కించవచ్చునని వైద్యులు నిర్ణయించిరి. ఆరు వారముల వయస్సున ఒకసారి, పదునాలుగు వారముల వయస్సున మరియొకసారి. దీనిని 2016లో మొదట ఆరంభించిన ఎనిమిది రాష్ట్రములలో మన తెలంగాణయు ఆంధ్రప్రదేశును ఉన్నవి. ఐదుగురికి సరిపోవు బుడ్డి ఇరువదియైదు మందికి సరిపోయెను.

ఇక్కడ ఒక తల్లి మాట చెప్పవలెను. మా సంఘములో కూలికి పోవు ఆమె బిడ్డకు సూది వేయించి వచ్చి నన్ను అడిగినది: “అయ్యగారు, ఉన్నోళ్ల పిల్లలకేమో నిండు సూది, మా పిల్లలకు గింతంతనా?”

ఆ మాటను తేలికగా త్రోసివేయకుడి. బీదవారి పాలలో నీళ్లు కలియుట, బీదవారి తూకములో రాయి తగ్గుట లోకమంతటను ఉన్నదే. డబ్బున్నవారు ప్రైవేటు ఆసుపత్రిలో పలు వ్యాధుల మందులు కలిపిన ఖరీదైన సూదిలో నిండు మోతాదును కొనుక్కొనగలిగిన మాటయు నిజమే. ఆమె అనుమానము అవిశ్వాసము కాదు, అనుభవము.

అయినను ఐదవ వంతు అయినంత మాత్రమున మోసము కాదు. మోసమా కాదా తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు అడుగవలెను. ఇచ్చినది పని చేయునా? ఆ సంగతి దాచక చెప్పిరా? మొదటిదానికి జవాబు ఉన్నది. మన చర్మము కేవలము కప్పుకొను గుడ్డ వంటిది కాదు. పరాయి క్రిమిని పసిగట్టు కావలివాండ్రు కండలో కంటె చర్మములో దట్టముగా ఉందురు. అందుచేత అక్కడ కొంచెము మందు చూపినను దేహము ఎక్కువగా నేర్చుకొనును. క్యూబా, బంగ్లాదేశ్ వంటి బీద దేశముల బిడ్డలలో దీనిని పరీక్షించిరి. ఒక్క నిండు మోతాదు కంటె, ఇట్టి చిన్న మోతాదులు రెండు ఎక్కువ రక్షణ ఇచ్చునని తేలినది. రెండవ ప్రశ్నకు జవాబు మాత్రము అంత చక్కగా లేదు. చాలమంది తల్లులకు ఎవరును కూర్చుండబెట్టి చెప్పలేదు. మంచి పనిని చెప్పకుండ చేసినయెడల అది చెడ్డ పనివలె కనబడును. ఈ లోపము మందుది కాదు, మన పెద్దరికముది. అందులో సంఘ పెద్దలును చేరియున్నారు.

ఆ సంవత్సరమే ఈ పంపకమునకు పరీక్ష వచ్చినది. మన వరంగల్లు నుండి రైలులో రెండు మూడు గంటల దూరమున హైదరాబాదు నగరములో, అంబర్‌పేట మురుగునీటిలో, రెండవ రకము పోలియో క్రిమి కనబడెను. వ్యాధి సోకిన బిడ్డ ఒక్కరును కనబడలేదు. అయినను ఆలస్యము చేయక 2016 జూన్ 20 మొదలుకొని ఒక వారములో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలోని ప్రమాదపు ప్రాంతములలో, ఆరు వారముల నుండి మూడేండ్ల లోపు పిల్లలు మూడు లక్షలకు పైగా ఆ చిన్న సూదిని వేయించుకొనిరి. నిండు మోతాదే ఇవ్వవలెనని పట్టుబట్టియుండినయెడల అంతే మందు అరువది వేలమందికి సరిపోయి, తక్కిన రెండు లక్షల నలుబది వేలమంది వట్టి చేతులతో ఇంటికి పోవలసియుండెడిది. మురుగు కాలువ ఎవరి వాకిట ముందు పారుచున్నదో, నిండు సూది ఎవరికి దొరికినదో ఆ క్రిమి విచారింపదు.

కాని ప్రతి కొరతయు ఇట్లు పంచుకొనుటకు లొంగదు. ఒక్కొక్కప్పుడు ఎవరో ఒకరు వరుసలో నుండి తప్పుకొనవలసినదే. అమెరికా దేశములో 2004లో అట్లు జరిగినది. మన వరంగల్లు బిడ్డలు ఎందరో అక్కడ కాపురమున్నారు గనుక ఆ దేశపు సంగతి మనకు మరీ దూరము కాదు. అక్కడ ప్రతి చలికాలమునకు ముందు ఫ్లూ జ్వరమునకు టీకా వేయుదురు. ఆ యేడు అక్టోబరు 5న, ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమందలి కర్మాగారములో తయారైన మందు శుభ్రముగా లేదని అక్కడి అధికారులు ఆపివేసిరి. అమెరికాకు రావలసిన మందులో సుమారు సగము ఒక్క దినములో లేకపోయెను. అప్పుడు ప్రభుత్వము ఒక వరుస చెప్పినది: ఆరు నెలల నుండి ఇరువదిమూడు నెలల లోపు పసిబిడ్డలు, అరువదియైదేండ్లు దాటిన వృద్ధులు, గర్భిణులు, దీర్ఘరోగులు, రోగులను తాకి సేవచేయువారు ముందు. ఆరోగ్యముగా ఉన్న తక్కినవారు ఈ యేడు ఆగుడి అని చెప్పిరి.

అందులో ఇంకొక మాటయు ఉండెను. మొదటిసారి ఫ్లూ టీకా వేయించుకొను చిన్నపిల్లలకు నెల వ్యవధితో రెండు సూదులు కావలెను. అయినను, ఈ బిడ్డ రెండవ సూదికై మందు దాచిపెట్టకుడి, ముందు వచ్చిన బిడ్డకు వేసివేయుడి అనిరి. అరణ్యములో మన్నాను రేపటికి దాచుకొనినవారి సంగతి మీకు తెలియును. అది పురుగుపట్టి కంపుకొట్టెను. దాచిన మందు కంపుకొట్టకపోవచ్చును గాని, అది దాచియుండగా ఒక్క సూదియు లేని బిడ్డకు జ్వరము వచ్చినయెడల ఆ దాచుటకు మంచి పేరు పెట్టజాలము. ఒక సూది పడిన బిడ్డ తండ్రికి ఈ నియమము కష్టముగానే ఉండును. నేను ఆ కష్టమును తక్కువ చేయను. సగము కట్టిన గోడ ఎదుట నిలిచి, ఇటుకలు ప్రక్కింటికి పోవుట చూచువాని కష్టమది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మనలో మిక్కిలి భక్తిగల కొందరు, “నా బిడ్డకు దేవుడున్నాడు, ఈ మందు ఇంకొకని బిడ్డకు పోనిండు” అందురు. వినుటకు ఇంపుగా ఉన్నది. నేను దానిని ఒప్పుకొనను. చలిరాత్రి తన దుప్పటి తీసి బాటసారికి కప్పువాడు ధర్మాత్ముడు. నిద్రపోవుచున్న బిడ్డ మీది దుప్పటి లాగి ఇచ్చువానిని ఏమనవలెను? త్యాగము ఎవరి సొత్తుతో వారు చేయవలసినది. 2004లో ఆరోగ్యవంతులైన పెద్దవారు తప్పుకొనిరనగా, వారు తమ దుప్పటినే ఇచ్చిరి. వారు తప్పుకొనినందుననే పసిబిడ్డ ముందుకు వచ్చినది. బిడ్డ వంతు తల్లిదండ్రుల చేతికి అప్పగించిన సొమ్ము. దానిని మనము మన పుణ్యము ఖాతాలో వ్రాసికొనలేము.

“వంతు” అను మన మాట ఎంత చక్కనిదో చూడుడి. పాలు అన్నను వంతే, వరుసలో మన తరుణము అన్నను వంతే. నీ బిడ్డ పాలు నీవు తీసికొనుట తప్పు కాదు. ఇంకొక బిడ్డ తరుణమును తీసికొనుట మాత్రము దొంగతనమే. చేయి చాచకుండ ఫోను చేతనో సిఫారసు చీటీ చేతనో చేసినను అది దొంగతనమే. 2021లో కరోనా టీకాలు చాలక మన రాష్ట్రములో కొంతకాలము మొదటి డోసు ఆపివేసిన దినములు మరచిపోలేదు గదా. ఆ దినములలో దేశమందు పలు చోట్ల, ఫోనులో వరుస దక్కించుకొనగల పట్టణపువారు కార్లలో పల్లె ఆసుపత్రులకు వచ్చి టీకా వేయించుకొని పోవుచుండగా, ఆ ఊరివారు గుమ్మము బయట నిలిచి చూచిరి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పదియెనిమిది ఏండ్లు పడియున్న మనుష్యుని ఫిర్యాదు ఇదే. నీళ్లు కదలినప్పుడెల్ల వేరొకడు తనకంటె ముందుగా దిగుచున్నాడు, తనను దించువాడు ఎవడును లేడు. ముందు దిగినవారిలో దుర్మార్గులెవరో మనకు తెలియదు. బహుశః అందరును మంచి తండ్రులే. మంచి తండ్రులు అందరును తమ తమ బిడ్డలనే ఎత్తుకొని పరుగెత్తిన చోట, ఎత్తుకొనువాడు లేని బిడ్డ గట్టుననే మిగిలిపోవును.

నా యొద్దకు కూడ చీటీల కొరకు వత్తురు. అయ్యగారి చీటీకి ఆసుపత్రిలో కొంత విలువ ఉన్నదని అనుకొందురు. దూరము వలన, వాగు పొంగుట వలన, యజమాని కూలి కోయుట వలన వంతు తప్పినవారికై వ్రాయుటకు నాకు సంతోషమే. వరుస దాటుటకైతే నా కలములో సిరా ఉండదు.

ఇప్పటి స్థితి కొంచెము చెప్పెదను. ఫ్లూ టీకా నేటికిని ప్రభుత్వపు ఉచిత పట్టికలో లేదు, కొనుక్కొనవలసినదే. పోలియో చిన్న సూది మాత్రము ఊరిలోనే ఉచితము. 2023 జనవరి నుండి తొమ్మిది నెలల వయస్సున మూడవది కూడ వేయుచున్నారు. మొదటి రెండు సూదులు వేయించి, బిడ్డ చక్కగా ప్రాకుచున్నదని మూడవదానికి పోనివారు మన సంఘములలో ఉన్నారు. ఒక్క బుడ్డిలో ఎందరో బిడ్డల వంతులుండును. తెరచిన బుడ్డి చల్లగా కాపాడినను ఇరువదియెనిమిది దినములకు మించి పనికిరాదు. రావలసినవారు రాకపోయినయెడల మిగిలినది పారవేయవలసినదే. కొరత కర్మాగారములో మాత్రమే పుట్టదు.

సంక్రాంతి దాటిన తరువాత మిరపకాయ ఏరుటకు ఛత్తీస్‌గఢ్ నుండి ములుగు, భూపాలపల్లి వైపు కుటుంబములు కుటుంబములుగా వత్తురు. చేని గట్టుననే గుడిసె వేసికొందురు. వారి మాట మనకు రాదు, మన ఆశా కార్యకర్త పేరు వారికి తెలియదు, బుధ శనివారములలో టీకాలు వేయుదురని వారికి చెప్పినవారు లేరు. చీర ఊయెలలో బిడ్డ ఉండును, కార్డు ఉండదు. మీ చేనిలో అట్టి గుడిసె ఉన్నయెడల, మీ బిడ్డను ఎత్తుకొని బయలుదేరిన ఉదయమున ఆ తల్లిని కూడ సైగచేసి పిలువుడి. ఒక పూట కూలి కోయకుడి. కార్డు లేకున్నను టీకా వేయుదురు. క్రొత్త కార్డు అక్కడనే వ్రాసి ఇత్తురు.